కిచెన్‌లో లైట్లు పెంచితే ఎంసీబీ పడిపోతుందా? ముందు ఆ ఎంసీబీ మీద ఏమేమున్నాయో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర పన్నెండేళ్ల నాటి టూ బీహెచ్‌కే, సొంతిల్లు. కిచెన్ ఎనిమిది బై పది అడుగులు, మధ్యలో ఒకటే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు, నల్ల గ్రానైట్ గట్టు. పొద్దుగూకితే కూరగాయలు తరగడానికి సరిగ్గా కనపడటం లేదు. సీలింగ్‌లో ఆరు డౌన్‌లైట్లు (ఒక్కోటి 12 వాట్లు), కప్‌బోర్డుల కింద స్ట్రిప్ లైటు వేయించాలనుకుంటున్నారు. కానీ ఇప్పటికే పొద్దున కెటిల్ పెడితే ఒక్కోసారి ఎంసీబీ (లోడెక్కువైతే కరెంటు ఆపేసే ట్రిప్ స్విచ్) పడిపోయి కిచెన్, హాల్ రెండూ చీకటైపోతున్నాయి, ఇంక లైట్లు కూడా పెరిగితే ఏమవుతుందోనని భయం. వచ్చిన ఎలక్ట్రీషియనేమో "6 ఆంప్స్ ఎంసీబీ తీసేసి 16 వేసేద్దాం సార్, గొడవుండదు" అన్నాడు.

సూటిగా చెప్తాను. లైట్లు నిశ్చింతగా వేయించుకోండి, వాటివల్ల ఓవర్‌లోడ్ కాదు. ఎంసీబీ మాత్రం మార్చనివ్వకండి. మార్చాల్సింది కెటిల్ ప్లగ్గు పెట్టే చోటు.

నేను మదనపల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా బెంగళూరులోనే ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను, ఈ ప్రశ్న నెలకి రెండు మూడు సార్లు వింటాను, దాదాపు ప్రతిసారీ లైట్ల మీద అనుమానంతో పిలుస్తారు, వెళ్లి చూస్తే లోడంతా వేరేచోట ఉంటుంది. ఎందుకో లెక్కతో సహా చెప్తాను, లెక్క పెద్ద కష్టమేం కాదు, వాట్లని 230 తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి, అంతే.

మీరు వేయాలనుకున్న ఆరు డౌన్‌లైట్లు 72 వాట్లు. స్ట్రిప్ మీటరుకి 10 వాట్లు అనుకుంటే రెండున్నర మీటర్లకి 25. మొత్తం 97 వాట్లు. అంటే మన చిన్నప్పుడు వంటింట్లో వేలాడిన వంద వాట్ల గుండు బల్బు ఒక్కటి ఎంత లాగేదో ఇవన్నీ కలిపి అంతే లాగుతాయి, వెలుగు మాత్రం దానికి ఐదారింతలు ఉంటుంది. 97 ని 230 తో భాగిస్తే 0.42 ఆంప్స్. చవక ఎల్‌ఈడీల్లో పవర్ ఫ్యాక్టర్ తక్కువుంటుంది కాబట్టి వైరులో పారే కరెంటు ఈ లెక్కకన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది, పోనీ ముప్పావు ఆంప్ వేసుకోండి. 6 ఆంప్స్ ఎంసీబీ మీద ముప్పావు ఆంప్ మాత్రమే.

ఇప్పుడు అదే ఎంసీబీ మీద మిగతావి చూద్దాం. మీరు చెప్పినదాన్ని బట్టి హాలూ బెడ్‌రూములూ కిచెనూ అన్నీ ఒకే సర్క్యూట్ మీద ఉన్నట్టున్నాయి, ఆ కాలం అపార్ట్‌మెంట్లలో బిల్డర్లు అలాగే లాగేశారు. మూడు ఫ్యాన్లు 75 చొప్పున 225, హాల్లో రెండు ట్యూబులు 40, బెడ్‌రూముల్లో రెండు ట్యూబులు 40, కిచెన్ ట్యూబు 20, ఎగ్జాస్ట్ ఫ్యాన్ 40, టీవీ 100, వైఫై డబ్బా 10. అన్నీ ఒకేసారి నడిస్తే 475 వాట్లు, రెండు ఆంప్స్ పైచిలుకు. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. దానిమీద కెటిల్ 1500 వాట్లు పెట్టండి. మొత్తం 1975, అంటే 8.6 ఆంప్స్!

మీకు "ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు" అనేది పెద్ద పజిల్‌లా ఉందని రాశారు కదా, దానికి జవాబు ఇక్కడే ఉంది. 6 ఆంప్స్ అని రాసుంది కాబట్టి 6.1 కాగానే టక్కున పడిపోతుందనుకుంటారు చాలామంది, అలా కాదు. లోపల ఒక బైమెటల్ పట్టీ ఉంటుంది, కరెంటుకి వేడెక్కి వంగుతుంది, వంగి వంగి ఒక హద్దు దాటాక లీవర్‌ని తన్నుతుంది. స్టాండర్డ్ ప్రకారం రాసిన అంకెకి 1.13 రెట్ల దాకా, అంటే 6.8 ఆంప్స్ దాకా, గంటసేపైనా పడకూడదు. 1.45 రెట్లు, అంటే 8.7 ఆంప్స్ అయితే గంటలోపు పడి తీరాలి. మీ 8.6 సరిగ్గా ఆ గీత పక్కనే ఉంది. పొద్దున్నే చల్లగా ఉండి ఫ్యాన్లు ఆపేసి ఉంటే కెటిల్ ఒక్కటే 6.5, పడదు. ఫ్యాన్లు తిరుగుతుంటే కెటిల్ మరిగేలోపు పడొచ్చు, పడకపోవచ్చు. వాటితోపాటు అప్పుడే ఎవరైనా మిక్సీ వేశారనుకోండి, 750 వాట్లు కలిసి దాదాపు 12 ఆంప్స్, ఇంక ఎక్కువసేపు ఆగదు. ఎండాకాలంలో ఎంసీబీలుండే డబ్బానే (దాన్నే డీబీ అంటాం) వేడిగా ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా పడుతుంది. కాబట్టి మీ ఎంసీబీ పాడవలేదు, దాని పని అది సరిగ్గా చేస్తోంది.

పడే తీరును బట్టి జబ్బు చెప్పొచ్చు. కాసేపు నడిచి పడితే ఓవర్‌లోడ్. స్విచ్ వేసిన క్షణంలోనే ఠప్పుమని పడితే షార్టు, లేదా మోటారు స్టార్టింగ్ కరెంటు. ఎంసీబీ కాకుండా పక్కనున్న వెడల్పాటి ఆర్‌సీసీబీ (టెస్ట్ బటన్ ఉంటుంది దానికి) పడితే అది లోడు సంగతే కాదు, ఎక్కడో ఎర్త్‌కి కరెంటు లీకవుతోందని. ఏది పడుతోందో చూడకుండా "ట్రిప్ అవుతోంది" అని ఫోన్ చేస్తే ఎలక్ట్రీషియన్ గుడ్డిగా వెతకాలి, కాబట్టి ఈసారి పడినప్పుడు లేపేముందు ఒక ఫోటో తీసుకోండి.

ఇక 16 ఆంప్స్ ఎంసీబీ సంగతి. ఇది కోపంగా అనిపించినా సరే గట్టిగానే చెప్తాను, వద్దు. ఎంసీబీ ఉన్నది మీ కెటిల్‌ని కాపాడటానికి కాదు, గోడలో పైపు లోపల పడుకున్న వైరుని కాపాడటానికి. లైటింగ్ సర్క్యూట్‌కి మామూలుగా 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు, వైరు మందం) రాగి వైరు లాగుతారు, పాత ఇళ్లలో అయితే 1 ఎంఎం కూడా చూశాను. దానిమీద 16 పెడితే ఎంసీబీ పడదు, నిజమే, మీకు గొడవ కనపడదు. కానీ అదే కరెంటు స్విచ్ బోర్డు లోపలి జాయింట్ల గుండా పారుతూనే ఉంటుంది. 1.5 వైరు మీద 10 కి మించి నేనైతే పెట్టను, మీ వైరు ఏ సైజో కళ్లారా చూడకుండా ఆ 10 కూడా పెట్టను.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే మొన్న యలహంకలో ఒక ఇంట్లో కిచెన్ బోర్డు విప్పాను. వాళ్లు చెప్పిందల్లా "అప్పుడప్పుడు లైటు మినుకుమంటోంది, చేపల వాసనలా ఏదో వస్తోంది" అని. స్క్రూలు తీసి ప్లేటు ముందుకి లాగితే, ఆరు ఆంప్స్ సాకెట్ వెనక నల్ల న్యూట్రల్ వైరు తొడుగు అంగుళం మేర బిరుసెక్కిపోయి గోధుమరంగుకి తిరిగింది, వేలితో వంచితే పెంకులా ఊడింది, లోపలి రాగి నల్లగా మాడి ఉంది, సాకెట్ వెనక ప్లాస్టిక్ మూల కరిగి బొట్టులా గడ్డకట్టింది. టెర్మినల్ స్క్రూ తిప్పి చూస్తే ముప్పావు చుట్టు లూజు. రోజూ ఆ సాకెట్ మీదే ఇండక్షన్ స్టవ్ నడిపారు, 2000 వాట్లు, ఒక మల్టీప్లగ్గు పెట్టి. డీబీ చూస్తే ఎవరో అప్పటికే 6 తీసి 20 వేసి పెట్టారు. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఆ బోర్డుకి అడుగు దూరంలో కర్టెన్. ఆ వాసన పసిగట్టి పిలిచారు కాబట్టి సరిపోయింది. మీ ఇంట్లో ఎప్పుడైనా స్విచ్ బోర్డు దగ్గర అలా చేపల వాసనో మాడు వాసనో వస్తే మెయిన్ ఆపేసి పిలవండి, మర్నాటికి వాయిదా వేయకండి.

సరే, మీరు ఇంటి దగ్గర చేయాల్సింది ఇదీ. పగలు, అన్ని లైట్లూ ఫ్యాన్లూ వేసి పెట్టి, డీబీలో ఒక్కో ఎంసీబీ దింపుతూ ఇల్లంతా తిరగండి. ఏది దింపితే ఏం ఆగిందో కాగితం మీద రాయండి, సాకెట్లని మొబైల్ చార్జర్ పెట్టి చూడండి. అరగంట పని. చివర్లో ఆ కాగితాన్ని డీబీ తలుపు లోపల అంటించండి, మీకే కాదు, తర్వాత వచ్చే ప్రతి ఎలక్ట్రీషియన్‌కీ పనికొస్తుంది. ఎంసీబీ మీద సీ6, సీ10, సీ16 అని రాసుంటుంది, ఆ అంకే ఆంప్స్. అది కూడా పక్కన రాయండి. డీబీ ముందు కవర్ మాత్రం మీరు విప్పకండి, మెయిన్ స్విచ్ దింపినా దానికి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది.

మీ కిచెన్‌లో 16 ఆంప్స్ సాకెట్ కనీసం ఒకటి ఉండాలి, లావు రంధ్రాలది, దానికి వేరే ఎంసీబీ ఉంటుంది. కెటిల్, ఇండక్షన్, మైక్రోవేవ్, టోస్టర్, ఓటీజీ, అంటే వేడి పుట్టించేవన్నీ దాని మీదకి వెళ్లాలి, అది కూడా ఒకసారికి ఒకటే. మిక్సీ కూడా అటే పోతే మంచిది. కెటిల్ తీసేశాక పాత 475 కి కొత్త లైట్ల వంద కలిపితే 575, రెండున్నర ఆంప్స్, హాయిగా ఉంటుంది, కానీ మిక్సీ 750 కలిస్తే 5.8 కి వెళ్తుంది, పడదు కానీ అంచున నడవడం ఎందుకు. వెట్ గ్రైండర్ చిన్నదే, 150, 200 వాట్లు, అది ఎక్కడున్నా పర్లేదు.

ఇక్కడ ఇంకో తప్పు గురించి చెప్పాలి, మాడ్యులర్ కిచెన్ వేసేవాళ్లు దీన్ని తెగ చేస్తున్నారు. కప్‌బోర్డు కింద స్ట్రిప్ బిగించాక దగ్గర్లో ఏముంది, చిమ్నీకో మైక్రోవేవ్‌కో ఇచ్చిన 16 సాకెట్. దాని వెనక నుంచి సన్నటి వైరు మెలిపెట్టి లాగేస్తారు. వెలుగుతుంది, చక్కగా ఉంటుంది. కానీ ఆ సర్క్యూట్‌కి ఉన్నది 16 లేదా 20 ఎంసీబీ, ఈ వైరు వెంట్రుకలాంటి అర ఎంఎం. రేపు ఆ వైరు కప్‌బోర్డు కీలులో నలిగితే ఎంసీబీ పడేలోపు వైరు ఎర్రగా కాలొచ్చు, చుట్టూ ప్లైవుడ్డు. పవర్ సాకెట్ నుంచే తీసుకోక తప్పదంటే మధ్యలో చిన్న ఫ్యూజో 2 ఆంప్స్ ఎంసీబీనో పెట్టించండి. లేదంటే లైటింగ్ సర్క్యూట్ నుంచే, కిచెన్ ట్యూబు స్విచ్ ఉన్న బోర్డు నుంచి 1.5 వైరుతో తీసుకోండి, గోడ గాడి కొట్టడం ఇష్టం లేకపోతే సన్నటి కేసింగ్ పట్టీ కప్‌బోర్డు అడుగున కనపడకుండా పోతుంది. జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా లీవర్ కనెక్టర్లు వేయమనండి, ఒక్కోటి కొన్ని పదుల రూపాయలే.

పైపులో చోటుంటే అన్నిటికన్నా మంచి పని ఏమిటంటే డీబీ నుంచి కిచెన్ లైట్లకని విడిగా ఒక ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు), ఒక న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు), ఒక ఎర్త్ లాగించి సొంతంగా 6 ఆంప్స్ ఎంసీబీ ఇవ్వడం. ఒక లైటింగ్ సర్క్యూట్ మీద 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదని మన వైరింగ్ పనిలో పాత లెక్క ఒకటుంది, మీ ఇంట్లో వాట్లు దాటకపోయినా పాయింట్లు ఇప్పటికే దాటిపోయాయి. కానీ జాగ్రత్త, న్యూట్రల్ కూడా విడిగా రావాలి. ఫేజ్ ఒక సర్క్యూట్‌ది, న్యూట్రల్ పక్క సర్క్యూట్‌ది కలిపేస్తే, ఆ రెండూ వేరే వేరే ఆర్‌సీసీబీల కింద ఉన్నప్పుడు, లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది, ఇన్వర్టర్ ఉంటే అదీ గోల పెడుతుంది. "కొత్త లైట్లు వేసినప్పట్నుంచే ట్రిప్ అవుతోంది" అని పిలిచిన ఇళ్లలో నేను మొదట చూసేది ఇదే. అలాగే స్విచ్ ఫేజ్ మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే ఆపేసినా ఎల్‌ఈడీ రాత్రంతా మసగ్గా వెలుగుతూ ఉండొచ్చు, బల్బు మార్చడానికి చెయ్యి పెడితే షాక్ కూడా కొడుతుంది.

ఇంతకీ అసలు వెలుగు విషయం. నన్నడిగితే ఆరు డౌన్‌లైట్లు మీకు అక్కర్లేదు. మల్లేశ్వరంలో ఒక పెద్దావిడ, నెల్లూరువాళ్లు, డెబ్బై దాటాయి, వంట ఇప్పటికీ ఆవిడే. కందిపప్పులో రాళ్లు కనపడటం లేదని కొడుకు సీలింగ్ నిండా లైట్లు పెట్టించాడు, నాలుగు ఉంటే ఇంకో నాలుగు. అయినా కనపడటం లేదంది ఆవిడ, కళ్లు పోయాయేమో అని బెంగ పెట్టుకుంది. నేను వెళ్లి ఆవిడ నిలబడే చోట నిలబడి చూశాను. లైట్లన్నీ వీపు వెనక ఉన్నాయి, చేట మీద పడుతున్నది నా తల నీడ, పైనున్న కప్‌బోర్డు నీడ. ఎనిమిది లైట్లు వెలుగుతున్నా గట్టు మీద చీకటే. కప్‌బోర్డు అడుగున ఒకటిన్నర మీటర్ల స్ట్రిప్ వేశాం, 15 వాట్లు. ఆవిడ చేట తెచ్చుకుని అక్కడే నిలబడి, ఒక్కో రాయీ ఏరి గట్టు మీద వరసగా పెట్టి చూపించింది. "అమ్మయ్య, నా కళ్లు బాగానే ఉన్నాయి నాయనా" అంది. ఆ తర్వాత సీలింగ్‌వి సగం తీయించేశారు.

కాబట్టి డబ్బు ముందు స్ట్రిప్ మీద పెట్టండి, సీలింగ్‌లో నాలుగు చాలు, ఉన్న ట్యూబు అలాగే ఉంచుకోండి. మీది నల్ల గ్రానైట్ అన్నారు, అది వెలుగుని మింగేస్తుంది, పైగా పాలిష్ ఉంటుంది కాబట్టి విడి స్ట్రిప్ వేస్తే ఎల్‌ఈడీ చుక్కలన్నీ గట్టులో అద్దంలోలా కనపడి కళ్లలో గుచ్చుతాయి. అల్యూమినియం చానల్‌లో, పైన పాలరంగు కవర్ ఉన్నదే తీసుకోండి, ఆ చానల్ వేడిని కూడా లాగేస్తుంది, స్ట్రిప్ ఎక్కువకాలం వస్తుంది. కప్‌బోర్డు అడుగున గోడవైపు కాకుండా మీవైపు అంచుకి బిగించండి, ముందు ఒక అంగుళం పట్టీ అడ్డం ఉంటే లైటు కంటికి తగలదు. రంగు 4000 కెల్విన్ తీసుకోండి, 6500 ది తెల్లగా మెరుస్తుంది కానీ కూర రంగు పాలిపోయినట్టు కనపడుతుంది, మాంసం, చేప తాజాగా ఉందో లేదో సరిగ్గా తెలియదు. డబ్బా మీద సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 అని ఉన్నది దొరికితే ఇంకా మంచిది. సింకు పక్కన ఐపీ 65 రకం (నీళ్లు చిమ్మినా తట్టుకునేది) వేయండి. స్టవ్ సరిగ్గా పైన మాత్రం స్ట్రిప్ వద్దు, ఆవిరీ జిడ్డూ పట్టి ఏడాదికే పసుపెక్కుతుంది, అక్కడ చిమ్నీ లైటు చాలు.

స్ట్రిప్‌కి డ్రైవర్ అని ఒక డబ్బా వస్తుంది, 12 లేదా 24 వోల్టులకి దించేది. 25 వాట్ల స్ట్రిప్‌కి 25 వాట్ల డ్రైవర్ తీసుకోకండి, కనీసం 30, వీలైతే 36. దాన్ని గాలాడేచోట, చెయ్యి అందేచోట పెట్టించండి. ఫాల్స్ సీలింగ్‌లో దాచేస్తే పాడైనరోజు సీలింగ్ కోయాలి. దూరం ఎక్కువైతే 12 వోల్టుల స్ట్రిప్ చివర మసకబారుతుంది, 24 ది ఆ బాధ తక్కువ. కొనడానికి బీవీకే అయ్యంగార్ రోడ్డుకి వెళ్తే వెలిగించి చూపిస్తారు, ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కొనేకన్నా చేతి కింద పెట్టుకుని చూసుకోవడం మేలు. వైరు మాత్రం ఐఎస్‌ఐ మార్కున్నదే.

మీకు ఇన్వర్టర్ ఉందో లేదో చెప్పలేదు. ఉంటే లైటింగ్ సర్క్యూట్ దానిమీదే ఉంటుంది కాబట్టి కొత్త లైట్లు బ్యాకప్ టైముని కొంచెం తింటాయి, స్ట్రిప్‌కి వేరే స్విచ్, సీలింగ్‌కి వేరే స్విచ్ ఇప్పించుకుంటే కరెంటు పోయినప్పుడు స్ట్రిప్ ఒక్కటే వేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్ జనరేటర్ అయితే ఇంటికి ఇంత అని లిమిట్ పెడతారు, అర కిలోవాటు, ఒక కిలోవాటు, ఇలా. అది దాటితే ఇల్లంతా ఆగిపోతుంది. మీకెంత ఇచ్చారో అసోసియేషన్‌లో అడిగి, నేను పైన చెప్పిన 575 వాట్ల లెక్కతో పోల్చుకోండి. అర కిలోవాటే అయితే జనరేటర్ మీద నడిచేటప్పుడు ఒకటో రెండో ఫ్యాన్లు ఆపుకోవాల్సిందే, లేదా ఆ మూడు ఫ్యాన్లూ బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తినే మోటారున్నవి) మార్చుకుంటే ఒక్కోటి 30 వాట్ల చుట్టుపక్కలే లాగుతుంది, వంద వాట్లకి పైగా మిగులుతుంది, మీ కొత్త లైట్లకి అదే సరిపోతుంది.

ఇవాళ చేయాల్సింది ఒకటే, కెటిల్‌ని 16 సాకెట్‌కి మార్చి వారం రోజులు చూడండి. దాని ప్లగ్గు సన్నపిన్నుదైతే 16 సాకెట్లలో చాలావాటికి పైన చిన్న రంధ్రాలు కూడా ఉంటాయి, నేరుగా పడుతుంది, అడాప్టర్లు వాడకండి. వారంలో ఒక్కసారి కూడా పడకపోతే లైట్ల పని మొదలుపెట్టించండి. కెటిల్ లేకుండా కూడా పడుతుంటే మాత్రం లైట్ల పని ఆపి, ముందు ఎవరితోనైనా క్లాంప్ మీటరు పెట్టించి ఎన్ని ఆంప్స్ పోతోందో చూపించుకోండి, కిచెన్ బోర్డు విప్పించి ప్రతి స్క్రూ బిగించమనండి, విప్పినప్పుడు మీరు కూడా పక్కనే ఉండి వైర్ల రంగు చూడండి.